కుక్క నడుము పట్టేసిందా? లాగించే ముందు చేతులతో చూడాల్సినవి

కుక్క లేవడానికి మూలుగుతున్నా, మిద్దె మెట్ల కాడ ఎక్కలేక నిలబడిపోతున్నా మన వైపు మొదట వినబడేది "నరం పట్టేసింది" అని. ఆ వెంటనే "ఎముక జరిగింటాది, ఎవరికన్నా చూపించి లాగించండి" అంటారు. పుత్తూరు కట్టు పేరు వినని ఇల్లు సీమలో తక్కువే కాబట్టి ఆ మాట తొందరగా నాటుకుంటుంది. ఇప్పుడు దానికి ఫోన్లో కనబడే కైరోప్రాక్టిక్ (వెన్ను కీళ్లను చేత్తో తోసి వదులు చేసే పద్ధతి) వీడియోలు తోడయ్యాయి. ఎవరో కుక్క మెడ తిప్పుతారు, టక్కుమంటుంది, కుక్క తోకాడిస్తుంది.

ఆ టక్కుమనడం ఎముక చోటుకు వచ్చిన శబ్దం కాదు. కీలులోని జిగట ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి బుడగ ఏర్పడే శబ్దం. మనం వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ ఇదే. నిజంగా వెన్నుపూస పక్కకు జరిగితే ఆ కుక్క తోకాడిస్తూ నిలబడదు, ఆపరేషన్ బల్ల మీద ఉంటుంది.

కైరోప్రాక్టిక్ 1895లో అమెరికాలో మనుషుల కోసం మొదలైన పద్ధతి. కుక్కకు మెడలో 7, వీపులో 13, నడుములో 7 వెన్నుపూసలు ఉంటాయి, వాటి వెనక 3 కలిసిపోయి ఒకే ఎముకగా ఉంటాయి. వీటి మధ్య చిన్న కీళ్లు బిగుసుకుంటే చుట్టూ కండ గట్టిపడుతుంది. పని తెలిసినవాళ్లు ఒక్కో కీలూ వేళ్లతో తడిమి, బిగిసిన చోట మాత్రమే కొద్దిపాటి దూరం చటుక్కున తోస్తారు. కండ వదులై కుక్కకు హాయి కలగొచ్చు. కానీ అరిగిన తుంటికీలు దీనితో బాగుపడదు, జారిన డిస్కు (పూసల మధ్య ఉండే మెత్తటి దిండు) వెనక్కి పోదు. కుక్కల్లో దీని మీద గట్టి పరిశోధన కూడా తక్కువే. మందుకూ బరువు తగ్గించడానికీ తోడుగా వాడుకునేదే గానీ, వాటి బదులు చేయించేది కాదు.

ముందు చూడాల్సింది నడక

గరుకు నేల మీద పట్టీ వదులుగా పట్టుకుని పది మీటర్లు నడిపించండి. ఫోన్ కుక్క మోకాలి ఎత్తులో పెట్టి ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి వీడియో తీయాలి. ముందు కాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు దిగుతుంది. చాలామంది దీన్ని తలకిందులుగా చదివి మంచి కాలికి వైద్యం చేయిస్తారు. వెనక కాలైతే నొప్పి ఉన్న వైపు తుంటి ఎగిరినట్టు కనబడుతుంది.

తర్వాత గోళ్లు చూడండి. ఒక్కో వెనక పాదంలో నడిమి రెండు గోళ్లు పైవైపు అరిగి మొండిగా ఉన్నాయంటే కుక్క పాదం ఎత్తలేక ఈడుస్తోందని. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో నాపరాయి మీద సర్‌ర్‌మని గీరిన చప్పుడు వినబడుతుంది కూడా.

ఇప్పుడు చేతులు. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషినైనా కరుస్తుంది కాబట్టి కొత్త నొప్పైతే మూతికి మెత్తటి నూలు గుడ్డ వదులుగా చుట్టాలి (రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా చుట్టొద్దు). ఒకవేళ కరిస్తే గాయాన్ని సబ్బు, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి పోవాల్సిందే, అది ఇంటి కుక్కే అయినా.

గోనెపట్ట పరిచి దాని మీద కుక్కను నిలబెట్టండి. బొటనవేలు వెన్నుకు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క పెట్టి భుజాల మధ్య నుంచి తోక మొదలు దాకా అంగుళం అంగుళం దిగండి. ఒత్తిడి పండిన టమాటా చితకనంత ఉంటే చాలు. వేలు ఎముక మీద కాదు, దాని పక్కనున్న కండ మీద ఉండాలి. నొప్పి ఉన్న చోట కుక్క అరవాలనేం లేదు. చర్మం వణుకుతుంది, పెదాలు నాక్కుంటుంది, పొట్ట బిగిస్తుంది, లేదా ఉన్నట్టుండి కూర్చుంటుంది. అదే చోట రెండోసారి కూడా అలాగే చేస్తే గుర్తు రాసుకోండి, మూడోసారి నొక్కొద్దు.

మెడను చేత్తో తిప్పకూడదు. బిస్కెట్ ముక్క డొక్క దాకా తీసుకుపోతే కుక్కే తిరుగుతుంది. కుడికి తిరిగినంత ఎడమకు తిరగలేదంటే సంగతి అక్కడే ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైంది పంజా మడత పరీక్ష. ఒక చేయి పొట్ట కింద ఆసరాగా పెట్టి, వెనక పంజాను మడిచి దాని పైభాగం నేలకు ఆనేలా ఉంచి వదిలేయండి. నరాలు బాగున్న కుక్క క్షణంలో పంజా సరిచేసుకుంటుంది. రెండు మూడు సెకన్లు అలాగే నిలబడిపోయిందంటే అది కండ పట్టేయడం కాదు, వెన్నులోనో నరంలోనో ఏదో ఉంది. ఆ కుక్క నడుమును ఎవరి చేతా తోయించొద్దు.

రెండు వెనక కాళ్లూ ఈడుస్తున్నా, ఉచ్చ పోయలేకపోతున్నా లేక తెలియకుండా కారిపోతున్నా, మిద్దె మీద నుంచి పడినా, బండి గుద్దినా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకుపోవాలి. ఎత్తుకోవద్దు. చెక్క పలక మీదకు జరిపి, జారకుండా దుప్పటితో కట్టి తీసుకుపోండి. కాలివేళ్లు గట్టిగా గిల్లినా తెలియని స్థితికి చేరిన కుక్కకు ఆపరేషన్ ఎంత ఆలస్యమైతే నడిచే ఆశ అంత తగ్గుతుంది.

ఎవరిని నమ్మాలి

1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం పశువైద్యం చేసేవాళ్లు రిజిస్టరైన పశువైద్యులై ఉండాలి. కాబట్టి ముందు డాక్టరు, ఎక్స్‌రే, రక్తపరీక్ష. మన వైపు పిడుదులు ఎక్కువ. ఈ రోజు ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతూ, తిండి మానేసి, ఒళ్లు 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే పిడుదుల జ్వరమేమో చూపించాలి (మామూలుగా కుక్కకు 101 నుంచి 102.5 దాకా ఉంటుంది). దానికి కావాల్సింది మందు, మాలీషు కాదు.

ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది గానీ వెన్నుపాము, డిస్కు కనబడవు. "ఎక్స్‌రే బాగుంది కాబట్టి తోయించుకోవచ్చు" అనే మాట అందుకే ప్రమాదం. కడప వాళ్లకు ప్రొద్దుటూరు పశువైద్య కళాశాల దగ్గర, ఆ తర్వాత తిరుపతి. వాటిని చూపించే ఎమ్మారై స్కాన్ అవసరమైతే అనంతపురం నుంచి బెంగళూరు, కర్నూలు నుంచి హైదరాబాదు పోవాల్సి రావచ్చు. రెండూ 200 కిలోమీటర్ల పైమాటే. సీటు మీద కాకుండా కారు కింది భాగంలో బొంత పరిచి పడుకోబెట్టి, రెండు గంటలకోసారి ఆపి నీళ్లు పెట్టండి.

కైరోప్రాక్టిక్ చేస్తామన్న మనిషిని రెండు మూడు అడిగితే చాలు. ఎక్స్‌రే, డాక్టరు చీటీ చూడకుండానే చేయి వేస్తున్నారా? ఏ కీలు బిగిసిందో వేలు పెట్టి చూపించగలరా? ఎన్నిసార్లకు మార్పు కనబడకపోతే ఆపేస్తారు? "మందులన్నీ మానేయండి, పూర్తిగా నయం చేస్తా" అంటే లేచి వచ్చేయండి. కాలు పట్టుకుని మీటలాగా వాడి నడుము తిప్పేవాళ్లతోనూ అంతే. డిస్కు జబ్బున్న డాక్స్‌హండ్, మెడ మొదటి రెండు పూసలు బలహీనంగా ఉండే పామెరేనియన్, చివావా లాంటి చిన్న జాతులు, ఎముక క్యాన్సర్, వెన్నులో ఇన్‌ఫెక్షన్, విరిగిన ఎముక: వీటిలో దేనికీ తోయడం తగదు.

చేయించాక ఒకటి రెండు రోజులు కాస్త ఒళ్లు నొప్పులుంటాయి. పట్టీతో ఐదు పది నిమిషాల నడక తప్ప దూకనివ్వొద్దు. నడక అంతకుముందుకన్నా తడబడితే ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. నాలుగు సార్లు చేయించినా మొదటి వీడియోకూ కొత్త వీడియోకూ తేడా లేకపోతే ఆ డబ్బు మ్యాట్లకు పెట్టండి.

ఇంటి నేల

మ్యాట్లంటే నవ్వొద్దు. మన ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు పాలిష్ పట్టి అద్దంలా ఉంటాయి. ముసలి లాబ్రడార్ వాటి మీద లేచేటప్పుడు వెనక కాళ్లు రెండు పక్కలకూ జారిపోతాయి. జారకుండా ఉండటానికి రోజంతా తొడ, నడుము కండలు బిగబట్టుకుంటుంది. పొద్దున వదులు చేయించిన నడుము సాయంత్రానికి మళ్లీ పట్టేసేది ఇందుకే.

ఇల్లంతా పరచనక్కర్లేదు. పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నెకు, అక్కడి నుంచి వాకిలికి రెండడుగుల వెడల్పు దారి చాలు. పశువుల కొట్టంలో వేసే రబ్బరు మ్యాట్ అన్నిటికంటే మేలు, యోగా మ్యాటైనా పనికొస్తుంది. ఉత్త గోనెపట్ట నున్నటి బండ మీద తనే జారుతుంది, అంచులు టేపుతో అంటించాలి.

ఎండాకాలం ఇంకో చిక్కు. కర్నూలులో 40 డిగ్రీలు దాటాక ఏ కుక్కా పరుపు మీద పడుకోదు, చల్లటి బండే వెతుక్కుంటుంది. బలవంతం చేయొద్దు, బండ మీదే పడుకోనివ్వండి. దాని నాలుగు కాళ్లు ఉండే వైపు మాత్రం మ్యాట్ ముక్క వేయండి, లేచేటప్పుడు పాదాలకు పట్టు దొరుకుతుంది.

అరికాలి మెత్తల మధ్య వెంట్రుకలు కత్తిరించండి. నడుస్తుంటే గోళ్లు టకటకమంటున్నాయంటే పెరిగాయని అర్థం. కారు ఎక్కడానికి పలక వేస్తే ఒక అడుగు ఎత్తుకు నాలుగైదు అడుగుల పొడవుండాలి, పైన రబ్బరు అంటించాలి.

రోజూ చేయగలిగేది

పాత బిగువుకు గోరువెచ్చటి కాపడం: నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మన మణికట్టు లోపలివైపుకు హాయిగా ఉంటే కుక్కకూ సరిపోతుంది, పది నిమిషాలు చాలు. దెబ్బ తగిలిన మొదటి రెండు మూడు రోజులు వేడి వద్దు, గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు. కాపడం తర్వాత వెన్నుకు రెండు పక్కలా అరచేత్తో మెడ నుంచి తుంటి దాకా ఐదు నిమిషాలు నిమరండి. ఆ మీదట పక్కకు పడుకోబెట్టి, వెనక కాలిని కీలుకు పైనా కిందా పట్టుకుని, నొప్పి లేనంత మేర మెల్లగా మడిచి చాచడం పదిసార్లు, రోజుకు రెండు పూటలు. కాలు వెనక్కి లాక్కుందంటే అక్కడే ఆపాలి.

నొప్పుల బాము రాయొద్దు. కుక్క నాకుతుంది, అందులోని కర్పూరం, మిథైల్ సాలిసిలేట్ దానికి విషం.

మాత్రల సంగతి ఇంకా ఘోరం. మనుషుల మెలోక్సికామ్ 7.5, 15 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది. కుక్కకు డాక్టర్లు రోజూ రాసే మోతాదు కిలోకు 0.1 మిల్లీగ్రాము, అంటే 10 కిలోల కుక్కకు 1 మిల్లీగ్రాము. చిన్న మాత్ర ఒక్కటే వారానికి పైగా సరిపడే మందు! ఐబుప్రోఫెన్, డైక్లోఫినాక్ ఇస్తే కడుపులో పుండ్లు పడి నల్లగా విరేచనం అవుతుంది. డాక్టరు రాసిన నొప్పి మందుతో పాటు స్టెరాయిడ్ సూది పడకూడదు. వేరే డాక్టర్‌ దగ్గరికి పోతే పాత చీటీ చూపించండి.

బరువు గురించి చెబితే ఎవరికీ నచ్చదు. చేయి వేస్తే పక్కటెముకలు సులువుగా తగలాలి. బొద్దుగా ఉన్న కుక్క ఒంటి బరువులో 6 శాతం తగ్గినా కుంటు తగ్గినట్టు తేలింది, 30 కిలోల కుక్కకు అది రెండు కిలోల లోపే. కుక్కను ఎత్తుకుని కాటా ఎక్కి మీ బరువు తీసేస్తే సరి. నడుము నొప్పి కుక్కను మాత్రం అలా ఎత్తొద్దు, పశువుల ఆసుపత్రి కాటా మీద నిలబెట్టండి. సంగటి ముద్ద సగం చేసి ఉడికించిన సొరకాయ, బీన్స్‌తో నింపండి. ఉల్లిపాయ వేసిన పులుసు కలపొద్దు. టీతో పాటు ఇంటిల్లిపాదీ వేసే బిస్కెట్లు లెక్కలోకి రావాలంటే పొద్దునే డబ్బాలో రెండు వేసి, అవి అయిపోతే ఆ రోజుకు లేవని అందరికీ చెప్పేయండి.