ఫ్రాన్స్ విశ్వవిద్యాలయంలో సినిమా చదవాలంటే ఎలా సిద్ధం కావాలి?

మన దగ్గర డిగ్రీలో చరిత్రో సాహిత్యమో చదివినట్టే ఫ్రాన్స్‌లో సినిమాను చదువుతారు. బడి చదువు ముగిశాక మూడేళ్ల 'లిసాన్స్', ఆపైన రెండేళ్ల మాస్టర్స్. ఆ దారి పట్టాలనుకునే మన విద్యార్థులు సినిమాలైతే లెక్కలేనన్ని చూసి ఉంటారు. కానీ ఒక్క దృశ్యం గురించి రెండు పేజీలు రాయమంటే కలం ఆగిపోతుంది. అక్కడ మార్కులు పడేది ఆ రెండు పేజీలకే కాబట్టి, ఇక్కడున్నప్పుడే సాధన మొదలుపెట్టాలి.

1. ఏ చదువు కావాలో తేల్చుకోండి

సినిమా తీయడమే మీ కోరిక అయితే లా ఫెమిస్, ఎకోల్ లూయీ లూమియేర్ వంటి సంస్థలు ఉన్నాయి. వాటిలో చేరాలంటే గట్టి పోటీ పరీక్ష దాటాలి. విశ్వవిద్యాలయాల్లో ప్రధానంగా నేర్పేది సినిమా చరిత్ర, సిద్ధాంతం, విశ్లేషణ. చిత్రీకరణ తరగతులు కొన్నిచోట్ల ఉన్నా వాటి వాటా తక్కువ. పారిస్‌లో సోర్బోన్ నువెల్, శివార్లలో పారిస్ 8, నాంతేర్, దక్షిణాన మోంపెలియేలోని పోల్ వలేరీ, లియోన్‌లోని లూమియేర్ లియోన్ 2 ఈ చదువుకు పేరున్నవి. వెతికేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. కోర్సు పేరులో అన్నిచోట్లా 'సినిమా' అనే మాట ముందుండదు. చాలాచోట్ల అది 'ఆర్ దు స్పెక్తాకల్', అంటే ప్రదర్శన కళల విభాగం కింద ఉంటుంది.

పారిస్ తప్ప వేరే ఊరు వద్దనుకోకండి. సినిమాకు ఆద్యులైన లూమియేర్ సోదరుల కుటుంబం ఇల్లు, వాళ్ల ఫ్యాక్టరీ ఉన్నది లియోన్‌లోనే. 1895లో కార్మికులు గేటు దాటి బయటికి వస్తుండగా కెమెరాతో పట్టుకున్న ఆ వీధిని ఇప్పుడు 'మొదటి సినిమా వీధి' అనే పిలుస్తారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. పైగా అద్దెలు పారిస్ కంటే తక్కువ.

2. భాష మీద రెండేళ్లు పెట్టండి

ఫ్రెంచ్‌లో బోధించే కోర్సులకు సాధారణంగా బి2 స్థాయి, అంటే యూరప్ భాషా ప్రమాణాల్లో నాలుగో మెట్టు, అడుగుతారు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఫ్రెంచ్ నేర్పే అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో చేరవచ్చు, ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో) ఫ్రెంచ్ చదవవచ్చు. అయితే సర్టిఫికెట్ చేతికి వచ్చినంత మాత్రాన తరగతిలో నెగ్గుకురాలేరు. పెద్ద హాలులో అధ్యాపకుడు ఏకబిగిన మాట్లాడుతూ పోతుంటే నోట్సు రాసుకోగలగాలి. అందుకని ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మానేసి, ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్‌తో సినిమాలు చూడండి. ఫ్రాన్స్ కుల్త్యూర్ రేడియోలో సినిమా చర్చలు వింటూ, విన్నదాన్ని పది వాక్యాల్లో రాసుకోండి.

3. దరఖాస్తు

భారతీయ విద్యార్థులకు దారి చూపేది క్యాంపస్ ఫ్రాన్స్ అనే ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ. తరగతులు సెప్టెంబరులో మొదలవుతాయి. లిసాన్స్ మొదటి ఏడాదికైతే ముందు ఏడాది చివరిలోనే దరఖాస్తు పని ముగించుకోవాలి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవారికి 2019 నుంచి ఫీజు పెంచారు. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ పెంపు నుంచి మినహాయింపు ఇస్తున్నాయి, ఆ సంగతి ముందే అడిగి తెలుసుకోండి.

4. న్యూవేవ్ దగ్గరే ఆగకండి

న్యూవేవ్ అంటే 1950ల చివర ఫ్రాన్స్‌లో కుర్ర దర్శకులు తెచ్చిన కొత్త ఒరవడి. అందులో 1959 నాటి త్రుఫో సినిమా, 1960 నాటి గొదార్ సినిమా చాలామందికి తెలుసు. దరఖాస్తుతో పంపే ప్రవేశ లేఖలన్నీ వాళ్ల పేర్లతోనే నిండితే మీ లేఖకు ప్రత్యేకత ఏముంటుంది? వెనక్కి వెళ్లండి. గోమోన్ కంపెనీలో కార్యదర్శిగా ఉంటూ 1896 నుంచే సినిమాలు తీసిన ఆలీస్ గీ, ముప్పైలలో జాఁ రెన్వార్, తర్వాత బ్రెస్సోఁ, తాతీ, మన కాలంలో క్లేర్ దనీ. వీళ్లను వరస క్రమంలో చూస్తేనే న్యూవేవ్ ఎవరి మీద తిరగబడిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో అర్థమవుతుంది.

డబ్బు సంగతీ చదవండి. ఫ్రాన్స్‌లో అమ్ముడైన ప్రతి సినిమా టికెట్ మీద 10.72 శాతం పన్ను వసూలు చేస్తారు. అది 1946లో ఏర్పడిన సీఎన్‌సీ అనే జాతీయ సంస్థకు చేరి, అక్కడి నుంచి సినిమాలకు సాయంగా వెళుతుంది. హాలీవుడ్ సినిమా టికెట్ నుంచి కూడా ఆ వాటా వస్తుంది. ఇది తెలియకుండా అంతమంది కొత్త దర్శకులు ఎలా పుట్టుకొస్తున్నారో వివరించలేం.

5. ఒక్క దృశ్యం పట్టుకుని కూర్చోండి

అసలు పని ఇక్కడుంది. ఆన్యెస్ వార్దా 1962లో తీసిన 'క్లెయో ద సాంక్ ఆ సెత్' ('ఐదు నుంచి ఏడు దాకా క్లెయో') తీసుకుందాం. వైద్య పరీక్ష ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఒక గాయని కథ. సినిమా మధ్యలో ఆమె ఇంట్లోనే పాట సాధన జరుగుతుంది. పియానో ముందు కూర్చున్నది సంగీత దర్శకుడు మిషెల్ లెగ్రాఁ.

మొదటిసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. కెమెరా కదలికను మాత్రమే రాసుకోండి. గదిలో మనుషులు, సామాను కనిపిస్తూ ఉండగా కెమెరా మెల్లగా ఆమెను సమీపిస్తుంది. కాసేపటికి ఆమె వెనుక నలుపు తప్ప ఏమీ మిగలదు. రెండోసారి శబ్దంతో చూడండి. పియానో ఒక్కటే ఉన్న గదిలో ఆర్కెస్ట్రా వినిపించడం మొదలవుతుంది. అది ఏ క్షణంలో మొదలైంది? అప్పటికి గది కనిపిస్తోందా? ఆ సంగీతం ఎవరికి వినిపిస్తోంది? పాట ముగియగానే గది తిరిగి వస్తుంది. ఆమె తలమీది విగ్గు లాగేసి, నల్లటి దుస్తులు వేసుకుని, ఒంటరిగా వీధిలోకి నడుస్తుంది.

ఇప్పుడు మీ వాదన రాయండి. 'ఈ దృశ్యం చాలా భావోద్వేగంగా ఉంది' అని రాస్తే సున్నా. 'ఇంతవరకూ అందరూ చూసే మనిషిగా ఉన్న క్లెయో, ఇక్కడి నుంచి తానే చూసే మనిషి అవుతుంది' అని రాస్తే, దాని కింద ప్రతి వాక్యానికీ తెరమీద నుంచి ఒక ఆధారం చూపించాలి. కెమెరా దూరం, నేపథ్యం, శబ్దం, తర్వాత షాట్లలో ఎవరి చూపు ఎటు ఉంది. వారానికి ఒక దృశ్యం చొప్పున ఇలా రాసుకుంటూ పొండి. పది సినిమాలు హడావిడిగా చూడటం కంటే ఇది ఎన్నో రెట్లు మేలని నా గట్టి నమ్మకం.

6. మాస్టర్స్‌కు చిన్న విషయం ఎంచుకోండి

మాస్టర్స్‌లో 'మెమ్వార్' అనే పరిశోధన వ్యాసం రాయాలి. ప్రవేశానికే పరిశోధన ప్రతిపాదన అడగవచ్చు. 'ఫ్రెంచ్ సినిమాలో స్త్రీ' అని రాసి పంపితే పక్కన పెడతారు, అది జీవితకాలం పట్టే పని. మీకు సహజంగా పట్టు దొరికే చోటు చూసుకోండి. రెన్వార్ బెంగాల్‌కు వచ్చి తీసిన 'ద రివర్' 1951లో విడుదలైంది. లొకేషన్ల వేటలో సత్యజిత్ రాయ్ ఆయన వెంట తిరిగారు. తర్వాత రాయ్ సినిమాలకు కెమెరామన్ అయిన సుబ్రత మిత్ర, ఆ షూటింగ్ చూస్తూ లైట్లు ఎక్కడెక్కడ పెట్టారో బొమ్మలు గీసుకున్నారు. 'ద రివర్'లో వెలుగు తీరును రాయ్ తీసిన 'పథేర్ పాంచాలి'లోని వెలుగుతో పోలుస్తూ నాలుగైదు దృశ్యాలకే పరిమితమైతే చక్కటి మెమ్వార్ అవుతుంది. ప్రతిపాదన పంపే ముందు ఆ విభాగం అధ్యాపకుల పరిశోధన అంశాలు చదివి, మీ విషయానికి దగ్గరగా పనిచేస్తున్నవారికి ఫ్రెంచ్‌లోనే ఒక పేజీ ఉత్తరం రాయండి. దానికి మీరు రాసుకున్న దృశ్య విశ్లేషణల్లో బాగా వచ్చినదాన్ని జతచేయండి.