నీలి కాలువ చూడబోయేవారికి

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్టుమెంటు నుంచి ఏటా ఎవరో ఒకరు అమెరికాలోని పిల్లల దగ్గరికి బయల్దేరుతారు. టికెట్లు, తిరగాల్సిన చోట్లు సర్దిపెట్టే పని నాది. ఈమధ్య అందరూ ఒకే ఫొటో చూపిస్తున్నారు: తెల్లటి ఉప్పు ఎడారిలో నీలి కాలువ, అందులో తేలుతూ నవ్వుతున్న మనుషులు. అది యూటా రాష్ట్రంలో వెండోవర్ దగ్గరుంది. తప్పకుండా చూడండి, దిగవద్దు.

అది ఏరు కాదు, పొటాష్ కర్మాగారం కాలువ. బోనవిల్ ఉప్పు మైదానం అడుగున ఉన్న ఉప్పునీటిని కాలువల్లోకి ఊరనిచ్చి, మడుల్లో ఎండబెడతారు. ముందు మామూలు ఉప్పు పేరుకుంటుంది, పొటాష్ ఆ తరువాతే. మన రైతులు పొలానికి చల్లే పొటాషే అది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోయినప్పుడు అక్కడ ఈ పని మొదలైంది. ఇప్పుడు ఇంట్రెపిడ్ పొటాష్ కంపెనీ నడుపుతోంది. మా బెంగళూరులోని బెల్లందూరు చెరువు మురికి నురుగు చూస్తే ఎవరైనా ముక్కు మూసుకుని దూరం జరుగుతారు. ఈ నీళ్లు అలా హెచ్చరించవు, అదే చిక్కు.

చిక్కటి ఉప్పునీటిలో మనిషి మునగడు, నిజమే. కానీ బోర్లా పడితే వెల్లకిలా తిరగడం కష్టం. కంట్లో పడితే మంట, చిన్న గీతలున్నా చర్మం భగ్గుమంటుంది. గట్టు అంచున ఉప్పు పెంకు గట్టిగా కనిపించినా కింద గుల్లగా ఉండవచ్చు, దాని పలుకులు పాదాలను కోస్తాయి. అందుకే అంచుకు నాలుగడుగులు వెనకే నిలబడండి, పిల్లల చెయ్యి వదలకండి. ప్రవేశం లేదని బోర్డు ఉంటే, ఫోను ఏ దారి చూపినా వెనక్కి తిరగండి.

సాల్ట్ లేక్ సిటీ నుంచి ఐ-80 హైవే మీద పడమరగా దాదాపు 190 కి.మీ. పెట్రోలు నింపుకునే బయల్దేరండి. దారిలో నీడ దొరకదు. తాగే నీళ్లు కాక, కాళ్లూ కళ్లూ కడుక్కోవడానికి విడిగా ఒక పెద్ద డబ్బా ఉండాలి. నల్లకళ్లద్దాలు తప్పనిసరి. ఎండ ఉప్పు మీద పడి కింది నుంచి కూడా కొడుతుంది కనుక గడ్డం కిందా సన్‌స్క్రీన్ రాయండి. తోలు చెప్పులు వద్దు, పాత రబ్బరువి చాలు.

కారును రోడ్డు దించవద్దు. పైపెంకు కింద బురద ఉంటుంది, దిగబడితే లాగే బండి ఖర్చు మీదే. అద్దె కార్ల ఒప్పందాల్లో సాధారణంగా రోడ్డు దిగకూడదనే ఉంటుంది. చలికాలం, వసంతంలో మైదానం మీద పలచగా నీళ్లు నిలిచి, వాటిలో అద్దంలోలా ఆకాశం కనిపిస్తుంది. ఎండిన ఉప్పు మీద నడవాలంటే వేసవి చివర వెళ్లండి. తిరిగొచ్చాక బండి అడుగుభాగం కడిగించండి, లేకపోతే ఉప్పు ఇనుమును తినేస్తుంది.

భోజనానికి సరిహద్దు దాటి నెవాడాలోని వెస్ట్ వెండోవర్‌కు వెళ్లినా గడియారం మార్చనక్కర్లేదు. ఆ ఊరు యూటా సమయమే పాటిస్తుంది. శాకాహారులు మాత్రం పులిహోర వెంట తీసుకువెళ్లడమే మేలు.