పాత పారిశ్రామికవాడలో పెరటి తోట: మట్టిని పరీక్షించుకునే పద్ధతి

హైదరాబాద్‌లో ఆజామాబాద్, సనత్‌నగర్, బాలానగర్, కాటేదాన్ వంటి పాత పారిశ్రామికవాడల చుట్టూ ఇప్పుడు ఇళ్లు, అపార్టుమెంట్లు ఉన్నాయి. షెడ్డు కూల్చి యంత్రాలు తరలించినా, అక్కడి మట్టిలో చేరిన సీసం, కాడ్మియం, క్రోమియం ఎక్కడికీ పోవు. అవి మూలకాలు కనుక ఎన్నేళ్లయినా కుళ్లి విరిగిపోవడమన్నది ఉండదు. కాటేదాన్ మట్టిలో ఇటువంటి లోహాలు అధికంగా ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. అలాంటి చోట పెరట్లో కూరగాయలు వేయదలచినవారు పాటించవలసిన పద్ధతి ఇది.

పరీక్ష కంటే ముందు చేయవలసింది విచారణ. ఆ స్థలంలో ఇదివరకు ఏం నడిచిందో తెలిస్తే ఏ లోహాన్ని వెతకాలో తెలుస్తుంది: పాత బ్యాటరీలు కరిగించిన చోట సీసం, తోళ్లు శుద్ధి చేసిన చోట క్రోమియం, ఎలక్ట్రోప్లేటింగ్ (విద్యుత్తుతో లోహపు పూత వేయడం) చేసిన చోట నికెల్, క్రోమియం, కాడ్మియం ఉండే అవకాశం ఎక్కువ. లింకు డాక్యుమెంట్లు, గూగుల్ ఎర్త్‌లోని పాత చిత్రాలు పనికొస్తాయి గానీ, వీధి చివర ఏళ్ల తరబడి టీకొట్టు నడిపే పెద్దమనిషి అంతకంటే ఎక్కువ చెప్పగలడు. గుంతలు పూడ్చడానికి మట్టి ఎక్కడి నుంచి తెచ్చారో కూడా అడగాలి. పారకు నల్లగా, గాజులా మెరిసే గడ్డలు తగిలితే అవి కొలిమి చిట్టెం కావచ్చు. వాటిని విడిగా పరీక్షకు ఇవ్వడం మంచిది.

నమూనా తీయడంలో అశ్రద్ధ చేస్తే తరువాతి ఖర్చంతా వృథా. పెరటిని గోడ వెంబడి, రోడ్డు వైపు, మధ్యభాగం అని విడదీసి దేని నమూనా దానికే తీయాలి. గోడ పక్కన పాత పెయింటు పెచ్చులు, రోడ్డు వైపు 2000కు ముందు సీసం కలిపిన పెట్రోలు వదిలిన పొగ మిగిల్చిన ధూళి చేరి ఉంటాయి; మూడింటినీ కలిపేస్తే ఎక్కువ ఉన్నచోటు తక్కువలో కలిసిపోతుంది. ఒక్కో భాగంలో అడ్డదిడ్డంగా పది, పదిహేను చోట్ల, పాదులు చేసే నేలయితే 15 సెంటీమీటర్ల లోతు వరకు, పిల్లలు ఆడే నేలయితే పైపైన రెండు సెంటీమీటర్లు మాత్రమే తీయాలి. జింకు పూత పూసిన పనిముట్లు వాడకూడదు. తీసిన మట్టిని శుభ్రమైన పాలిథిన్ పట్టాపై నీడలో ఆరబెట్టి, రాళ్లు, వేళ్లు ఏరేసి, బాగా కలిపి గుండ్రంగా పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి, కవరు మీద చోటు, లోతు, తేదీ రాయాలి.

వ్యవసాయ శాఖ భూసార పరీక్ష ఇందుకు సరిపోదు. ఆ కార్డులోని 12 అంశాల్లో జింకు, రాగి ఉన్నా సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. పైగా అక్కడ కొలిచేది మొక్కకు అందే భాగాన్నే. కనుక ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల సామర్థ్యాన్ని ధ్రువీకరించే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబులో 'మొత్తం లోహం' కొలవమని స్పష్టంగా అడగాలి. క్రోమియం ఎక్కువ వస్తే వెంటనే భయపడకుండా, అందులో అసలు ప్రమాదకరమైన హెక్సావాలెంట్ రూపం (క్రోమియం-6) ఎంతో విడిగా తేల్చుకోవాలి. నల్లరేగడిలో క్రోమియం, నికెల్ సహజంగానే కొంత ఎక్కువగా ఉంటాయి కాబట్టి, పరిశ్రమకు దూరంగా అదే రకం నేల నుంచి ఇంకో నమూనా పంపడం వివేకం.

సీసం విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ నివాస స్థలాల పరిశీలన స్థాయిని 2024లో కిలో మట్టికి 400 మిల్లీగ్రాముల నుంచి 200కు తగ్గించింది. అది మనకు చట్టం కాకపోయినా చేతిలో ఉంచుకోదగిన కొలమానం. అంతకు మించితే ముందు చూడవలసింది వంకాయను కాదు, పసిపిల్లల చేతులను: సీసం కాయలోకి ఎక్కేది స్వల్పం, ధూళిగా గోళ్లకూ ఆకులకూ అంటి నోట్లోకి వెళ్లేదే ఎక్కువ. ఖాళీ నేలను గడ్డితోనో ఎండుటాకులతోనో కప్పడం, చెప్పులు గడప బయటే విడవడం, పొడిగా ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవడం ఖర్చులేని పనులు. కాడ్మియం సంగతి వేరు. అది వేళ్ల ద్వారా ఆకుల్లోకి సులభంగా చేరుతుంది కనుక అటువంటి నేలలో పాలకూర, తోటకూర, ముల్లంగి మానేసి, బెండ, బీర, సొర వంటి కాయ పంటలకు పరిమితం కావాలి. అడుగున మందపాటి జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపే సింథటిక్ గుడ్డ) పరిచి, పైన అడుగు మందానికి తగ్గకుండా తెలిసిన చోటి మట్టి పోసి, మడులు కట్టుకోవడం అన్నిటికంటే నమ్మకమైన మార్గం.

సీసాన్ని కట్టిపడేస్తుందని సూపర్ ఫాస్ఫేటు చల్లమనే సలహా వినిపిస్తుంది. అందులో నిజం లేకపోలేదు గానీ, మట్టిలో ఆర్సెనిక్ కూడా ఉంటే అదే ఫాస్ఫేటు దాన్ని కదిలిస్తుంది. రిపోర్టు చూడకుండా చల్లకూడదు. ఆవ మొక్కలు వేస్తే లోహాన్ని పీల్చేస్తాయన్న మాటకు ఇంటి తోటలో పెద్ద విలువ లేదు: ఫలితానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, పీకిన మొక్కలను కంపోస్టులో వేస్తే లోహం మళ్లీ మట్టిలోకే చేరుతుంది.

తవ్వి తీసిన మట్టిని నాలాలో గానీ పక్క ఖాళీ ప్లాటులో గానీ పోయకూడదు. 2025లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి నివేదించాలి. కాబట్టి ల్యాబు రిపోర్టు నకళ్లను ఒక దరఖాస్తుతో కలెక్టరు కార్యాలయంలోనూ మండలిలోనూ ఇచ్చి, రసీదు తీసుకోవాలి.