పాత కంప్యూటర్‌కి విండోస్ 11 ఎక్కుతుందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. విజయనగరంలో మా అక్క వాళ్లింట్లో అప్పుడు మొదలైంది టెన్షన్. గంటస్తంభం దగ్గర బావ డీటీపీ షాపులో ఒక డెస్క్‌టాప్, ఇంట్లో మేనకోడలి ల్యాప్‌టాప్ ఉన్నాయి. రెండూ పనికిరావు, కొత్తవి కొనుక్కోండి అని ఒక రిపేరు షాపాయన చెప్పేశాడట. నేను కూర్చుని చూస్తే ఒకటి నిజంగానే పనికిరాదు, రెండోదానికి బయాస్‌లో, అంటే విండోస్ లేవకముందే వచ్చే కంప్యూటర్ మూల సెట్టింగ్స్‌లో, ఒక సెట్టింగ్ మారిస్తే సరిపోయింది. కాబట్టి డబ్బు పెట్టే ముందు ఒక అరగంట మీరే కూర్చోండి.

అందరూ ముందు ర్యామ్ గురించి అడుగుతారు. ముందు చూడాల్సింది ప్రాసెసర్, ఎందుకంటే ర్యామ్, డిస్కు తర్వాత మార్చుకోవచ్చు, పాత ప్రాసెసర్ మార్చాలంటే చాలాసార్లు బోర్డు కూడా మార్చాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ఇంటెల్ ఐ3, ఐ5, ఐ7 అయితే గీత తర్వాత వచ్చే అంకె చూడండి. ఐ5-8250యూ అంటే ఎనిమిదో తరం, ఐ5-7400 అంటే ఏడో తరం. ఆ అంకె 1 అయితే పదో తరమో ఆపైదో, భయం లేదు. ఎనిమిది నుంచి పైకి పర్వాలేదు, అంతకంటే పాతవి ఒకటీ అరా తప్ప మైక్రోసాఫ్ట్ జాబితాలో లేవు. ఏఎండీ రైజెన్ 2000 సిరీస్‌లో మాత్రం కొన్ని ఉన్నాయి, కొన్ని లేవు, మీ మోడల్ పేరు ఆ జాబితాలో వెతుక్కోవాల్సిందే.

అదే పేజీలో సిస్టమ్ టైప్ కూడా చూడండి. ప్రాసెసర్ 64 బిట్ అయినా పైన 32 బిట్ విండోస్ వేసి ఇచ్చిన మెషిన్లు ఉంటాయి, వాటికి నేరుగా అప్‌గ్రేడ్ కుదరదు, మొత్తం తీసి కొత్తగా వేయాలి. ర్యామ్ 4 జీబీ, డిస్కు 64 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ అంటుంది గానీ 4 జీబీతో రోజూ పనిచేయడం నరకం, నా మాట విని 8 చేయించండి, హార్డ్ డిస్క్ ఉంటే తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి.

ఇక చాలామంది ఆగిపోయేది టీపీఎం దగ్గర, అంటే విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్ దగ్గర. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టీపీఎం, చుక్క, ఎంఎస్‌సీ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వెర్షన్ 2.0 కనిపిస్తే సరే. దొరకలేదని వస్తే చిప్ లేదని అప్పుడే అనుకోవద్దు, ఆపేసి ఉండొచ్చు. బయాస్‌లోకి వెళ్లి ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎండీ అయితే ఎఫ్‌టీపీఎం అన్నది ఆన్ చేయండి. మేనకోడలి ల్యాప్‌టాప్‌కి పట్టింది అదే! డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే మాత్రం బయాస్ ముట్టుకునే ముందే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి, లేకపోతే మీ ఫైళ్లు మీకే తెరుచుకోవు.

విండోస్ 11కి యూఈఎఫ్ఐ అనే కొత్త తరహా బయాస్ కావాలి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయాస్ మోడ్ లెగసీ, అంటే పాత పద్ధతి, అని ఉంటే తొందరపడి యూఈఎఫ్ఐకి మార్చేయకండి. డిస్కు భాగాలను గుర్తుపెట్టుకునే పాత పద్ధతి ఎంబీఆర్, కొత్తది జీపీటీ. డిస్కు ఎంబీఆర్‌లో ఉండగా మారిస్తే విండోస్ లేవదు, ముందు దాన్ని జీపీటీకి మార్చాలి. ఆ పని చేసేముందు ఫైళ్లన్నీ బయట డిస్కులో కాపీ పెట్టుకోండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ బ్యాటరీ నిలబడుతుందో లేదో చూడండి, మధ్యలో కరెంటు పోతే మొదటికే మోసం.

ఇవన్నీ ఒకేసారి చూసి చెప్పడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ ఉంది, ఉచితం. కానీ అది మీరు వాడే ప్రోగ్రాముల సంగతి చెప్పదు. బావ అడిగింది అదే: "ఇందులో పేజ్‌మేకర్ పోతే పెళ్లి కార్డులు ఎలా చేస్తానురా?" 16 బిట్ కాలం నాటి ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో అసలు నడవవు. పేజ్‌మేకర్, తెలుగు టైపింగ్‌కి వాడే అను ఫాంట్లు, పాత ప్రింటర్ డ్రైవర్, ఏది మీకు అన్నం పెడుతోందో అది ఇంకో విండోస్ 11 మెషిన్‌లో వేసి, ఒక పేజీ ప్రింట్ తీసి చూశాకే ముందుకెళ్లండి.

బావ డెస్క్‌టాప్ ఏడో తరం. చెక్ దాటించి బలవంతంగా విండోస్ 11 ఎక్కిస్తామనేవాళ్లు ఉన్నారు, బతుకుతెరువు మెషిన్‌కి అది వద్దన్నాను, అలాంటివాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. నెట్ తప్పనిసరి అయితే విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2లో అప్‌డేట్ పేజీ నుంచి ఈఎస్‌యూకి, అంటే గడువు దాటాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకానికి, నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కేవలం బ్రౌజింగ్‌కే అయితే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూడండి, డిస్కులో ఏమీ చెరగదు. బావకి ఈ రెండూ అక్కర్లేకపోయాయి. డెస్క్‌టాప్‌కి నెట్ వైరు పీకేశాం, కార్డుల పని అందులోనే సాగుతోంది, మెయిలూ బ్యాంకు పనీ మేనకోడలి ల్యాప్‌టాప్‌లో.