టీబీ అని రాసేముందు: మెలియాయిడోసిస్ అనుమానంలో జాగ్రత్తలు

నాట్ల కాలంలో నర్సంపేట, పరకాల వైపు నుంచి షుగర్ ఉన్న రైతు వారాల తరబడి జ్వరం, దగ్గుతో వస్తే టీబీతో పాటు మెలియాయిడోసిస్‌నూ (బర్కోల్డేరియా సూడోమల్లై అనే బ్యాక్టీరియాతో వచ్చే జబ్బు) లెక్కలో పెట్టుకోండి. ఈ బ్యాక్టీరియా తడి మట్టిలో, నిలవ నీళ్లలో బతుకుతుంది.

• వీలైతే యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే కల్చర్‌కు (బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) రక్తం తీయండి. పెద్దవాళ్లకు సీసాకు 8–10 మి.లీ. కల్చర్ సీసాలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చీముంటే అదీ పంపండి.

• ఫారంలో ‘జ్వరం’ అని ఒక్క ముక్క రాస్తే ల్యాబ్‌కు ఏం తెలుస్తుంది? షుగర్, పొలం పని, మీ అనుమానం కూడా రాయండి.

• ల్యాబ్‌వాళ్లు బ్యాక్టీరియా పెరిగిన ప్లేటు వాసన చూడొద్దు (ఈ పాత అలవాటు ఇంకా పోలేదు). బయోసేఫ్టీ క్యాబినెట్‌లోనే (క్రిములు బయటికి రాకుండా గాలిని వడకట్టే పెట్టెలోనే) తెరవండి. గ్రామ్ స్టెయిన్‌లో (రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్షలో) రెండు కొసలకే రంగు పట్టి పిన్నీసులా కనిపించడం, ఆక్సిడేజ్ పరీక్ష పాజిటివ్, జెంటామైసిన్, కొలిస్టిన్ మందులకు లొంగకపోయినా కో-అమోక్సిక్లావ్‌కు లొంగడం – ఇవన్నీ కలిస్తే మామూలు సూడోమోనాస్ (ల్యాబ్‌లో తరచూ కనిపించే మరో బ్యాక్టీరియా) అని పక్కన పడేయొద్దు. బ్యాక్టీరియాను గుర్తించే మెషిన్ చెప్పే పేరూ ఒక్కోసారి తప్పుతుంది.

• అనుమానం రాగానే వార్డుకు ఫోన్ చేయండి, రిపోర్టు ప్రింటయ్యేదాకా ఆగొద్దు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం 10–14 రోజులు, ఆ తర్వాత మాత్రలు దాదాపు 3 నెలలు. ఆ సంగతి ఇంటివాళ్లకు ముందే చెప్పాలి.