ఇంట్లో పార్టికల్ యాక్సిలరేటర్: ఎక్కడ ఆగాలో తెలుసుకునే మొదలుపెట్టండి

యాక్సిలరేటర్, అంటే ఎలక్ట్రాన్ల లాంటి కణాల వేగం పెంచే యంత్రం, అనగానే జెనీవా దగ్గరి 27 కిలోమీటర్ల సొరంగమే గుర్తొస్తుంది గానీ, 1931లో అమెరికాలోని బర్కిలీలో శాస్త్రవేత్తలు లారెన్స్, లివింగ్‌స్టన్ నడిపించిన సైక్లోట్రాన్ (కణాలను అయస్కాంతంతో గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచేది) అరచేతిలో పట్టేంతే, నాలుగున్నర అంగుళాలు, దానితోనే కణాలకు 80,000 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి (ఒక ఎలక్ట్రాన్‌కు 80,000 వోల్టులు ఇచ్చేంత) సాధించారు. అది చదివి చాలామందికి ఇంట్లో కట్టాలనిపిస్తుంది. నాకూ అనిపించింది.

మొదట ఏడిపించేది శూన్యం, కణాలు దేన్నీ గుద్దుకోకుండా పోవాలంటే లోపలి గాలి తీసేయాలి. మామూలు గాలిలో ఒక అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు కూడా పోకముందే ఇంకోదాన్ని గుద్దుకుంటుంది. పీడనాన్ని పది లక్షలో వంతుకు దించినా ఆ దూరం ఆరేడు సెంటీమీటర్లే. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో ఇది అయ్యే పని కాదు, మంచి రోటరీ పంపు, దానికి తోడు ఇంకా లోతైన శూన్యం తెచ్చే డిఫ్యూజన్ పంపో టర్బో పంపో కావాలి, ఆపైన లోపల అంటిన వేలిముద్ర జిడ్డు కూడా గంటల తరబడి ఆవిరవుతూ మీ ఓపికను తినేస్తుంది. కలకత్తాలో భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా సైక్లోట్రాన్‌కు అయస్కాంతం చేరినా, వాక్యూమ్ పంపులు తెస్తున్న ఓడ యుద్ధంలో మునిగిపోయి పని ఏళ్లపాటు సాగదీసుకుపోయింది. ఇంకో సంగతి, 20 సెంటీమీటర్ల వెడల్పున్న గుండ్రటి గాజు పలక మీద బయటి గాలి 300 కిలోలకు పైగా నొక్కుతుంది. పగిలితే ముక్కలు లోపలికి దూసుకెళ్లి అటువైపు నుంచి బయటికొస్తాయి, కళ్లద్దాలు, అడ్డంగా మందపాటి పాలికార్బొనేట్ షీటు లేకుండా దగ్గరికే పోవద్దు.

చంపేది మాత్రం ఎక్కువగా కరెంటే. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడేయొచ్చని ఎవరు చెప్పినా వినకండి, దాదాపు 2000 వోల్టుల దగ్గర గుండె ఆగడానికి చాలినంత కరెంటు ఇస్తుంది, రెండో ఛాన్సు ఉండదు. ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. ఆ చార్జిని దించేసే బ్లీడర్ రెసిస్టర్, ఎర్త్ చేసిన డిశ్చార్జి కర్ర, మూత తీయగానే సప్లై కట్టయ్యే స్విచ్చు, మెయిన్ ఎక్కడుందో తెలిసిన మనిషి పక్కన, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆన్ చేయకండి.

ఇక ఎక్స్‌రేలు. వేగంగా వచ్చిన ఎలక్ట్రాన్ లోహాన్ని గుద్దితే అవి పుడతాయి. పది వేల వోల్టుల లోపు చాలావరకు మందపాటి గాజే ఆపుతుంది, 20 వేలు దాటితే బయటికొస్తాయి. 1967లో అమెరికాలో కొన్ని కలర్ టీవీల నుంచే మోతాదు మించి వస్తున్నాయని తేలి, మరుసటి ఏడాదే చట్టం తెచ్చారు. రేడియేషన్‌ను పసిగట్టే గీగర్ కౌంటర్ మోగలేదని ధీమా పడొద్దు, లోహపు గోడ ఉన్న చౌక ట్యూబులు ఈ తక్కువ శక్తి కిరణాలను పట్టుకోలేవు. మన దేశంలో ఎక్స్‌రేలు పుట్టించే యంత్రాలు, యాక్సిలరేటర్లు ఏఈఆర్‌బీ (అణుశక్తి నియంత్రణ మండలి) పరిధిలోకి వస్తాయి, అనుమతి లేకుండా నడిపితే నేరం.

అందుకే నా సలహా, పనిచేస్తున్న పాత ఆసిలోస్కోప్ (కరెంటు సిగ్నళ్లను తెర మీద గీతగా చూపే పరికరం) ఒకటి కొనండి, పాత టీవీలో లాగే దాని గాజు ట్యూబులో ఎలక్ట్రాన్లను వేగంగా తెర మీదికి కొట్టే చిన్న యాక్సిలరేటరే ఉంటుంది, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్ల అడిగి చూడండి. డబ్బా విప్పొద్దు. గీత బదులు చుక్క కనిపించే ఎక్స్-వై మోడ్‌లో పెట్టి, తెర కాలకుండా వెలుగు బాగా తగ్గించి, స్పీకర్ అయస్కాంతం దగ్గరికి తెండి, చుక్క పక్కకు జరుగుతుంది, అయస్కాంతాన్ని తిరగేస్తే ఎదురు వైపుకు పోతుంది. 2000 వోల్టుల ట్యూబైతే లోపల ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 26,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. కలర్ టీవీతో ఇది చేయొద్దు, లోపలి జల్లెడ రేకు అయస్కాంతమై రంగుల మరకలు మిగులుతాయి. కాలేజీ ల్యాబులో ఫైన్ బీమ్ ట్యూబ్ (ఎలక్ట్రాన్ల దారి వెలుగుతూ కనిపించే గాజు బుడ్డి) ఉంటే లెక్చరర్‌ని అడిగి చూడండి, రెండు మూడు వందల వోల్టులకే అయస్కాంతం వంచిన ఎలక్ట్రాన్ల వలయం కళ్లముందు తిరుగుతుంది, సైక్లోట్రాన్‌లో వంపు కూడా ఇదే సూత్రం మీద వస్తుంది.