నిజామాబాద్ పక్కన తేలిన పర్లాకిమిడి

84 డిగ్రీల తూర్పు రేఖాంశం ఒడిశాలోని మా గజపతి జిల్లా మీదుగా పోతుంది. భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి యూటీఎం. ఆ రేఖాంశానికి పడమర యూటీఎం 44వ జోను, తూర్పున 45. గుణుపురం 44లో, పర్లాకిమిడి 45లో పడతాయి. ఈ రెండు ఊళ్ల మధ్య రైలెక్కితే దారిలోనే జోను మారిపోతుంది. మనకు తెలియను కూడా తెలియదు.

నాకు తెలిసింది దెబ్బతిన్నాకే. ఊళ్ల నుంచి ఆరోగ్య కేంద్రాలకు దూరం లెక్కగట్టే పని ఒప్పుకున్నాను. ఆసుపత్రులు ఎక్కడున్నాయో చెప్పే పటం ఫైలు (షేప్‌ఫైలు) పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు కానీ, దాని వెంట ఉండవలసిన పీఆర్‌జే ఫైలు లేదు. అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో చెప్పేది ఆ ఫైలే. అంతకుముందు గుణుపురం పనికి 44 వాడిన అలవాటు కొద్దీ ఇక్కడా 44 అన్నాను. తీరా చూస్తే పర్లాకిమిడి ఆసుపత్రి నిజామాబాద్ పక్కన తేలింది! ఒక్కో జోను వెడల్పు ఆరు డిగ్రీలు. 84లోంచి ఆరు పోతే 78, అదే నిజామాబాద్ రేఖాంశం. అటుది ఇటైతే ఊరు బంగాళాఖాతంలో మునిగేది.

కాబట్టి పటం వైపు చూడకముందే అంకెలు చదవండి. పటాలు చేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో లేయర్ (పటంలోని ఒక్కో పొర) ప్రాపర్టీస్ తెరిచి, ఇన్ఫర్మేషన్ కింద ఎక్స్‌టెంట్, అంటే పొర హద్దుల అంకెలు, చూడండి. 84, 18 లాంటి చిన్న అంకెలుంటే అవి డిగ్రీలు. పర్లాకిమిడి ఎక్స్ విలువ ఎనిమిది లక్షలు దాటితే 44వ జోను, రెండు లక్షల లోపుంటే 45. ఊళ్లు ఉత్తర ధ్రువం దగ్గరి సముద్రంలో కనిపిస్తే అక్షాంశం, రేఖాంశం తారుమారైనట్టే. ఫోనులో రాసుకున్న జాబితాలతో తరచూ జరిగేదే. ఎక్స్ అంటే రేఖాంశం.

అసలు చిక్కు ఇక్కడినుంచే. పొరలోని అంకెలు ఏ లెక్కలో ఉన్నాయో చెప్పేదే సీఆర్ఎస్. 'సెట్ లేయర్ సీఆర్ఎస్' వేరు, 'రీప్రొజెక్ట్ లేయర్' వేరు. మొదటిది డబ్బా మీది చీటీ మారుస్తుంది, రెండవది లోపలి సరుకే మారుస్తుంది. చీటీ తప్పుంటేనే మొదటిది వాడాలి. చీటీ సరిగా ఉండి, వేరే లెక్కలోకి రావాలంటే రెండవది. డిగ్రీల పొరకు యూటీఎం చీటీ అంటిస్తే ఉప్పు డబ్బాకు పంచదార అని రాసినట్టే. ఇలా పాడుచేసిన ఫైళ్లు నా దగ్గరకు వారానికొకటి వస్తాయి.

తెర మీద పొరలన్నీ చక్కగా కలిశాయని మురిసిపోకండి. క్యూజీఐఎస్ చూపించేటప్పుడు మాత్రమే వాటిని కలుపుతుంది. ఫైలులోని అంకెలు అలాగే ఉంటాయి. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లోని 'డిస్టెన్స్' ఆ పచ్చి అంకెలతోనే దూరం లెక్కగడుతుంది. డిగ్రీల పొరకు 5 అని బఫర్ (చుట్టూ హద్దు) గీస్తే అయిదు కిలోమీటర్లు కాదు, అయిదు వందలు దాటుతుంది. ఇంటర్నెట్ పటాల వెబ్ మెర్కేటర్‌లో కొలిస్తే మా అక్షాంశం దగ్గర దూరం దాదాపు ఆరు శాతం సాగుతుంది. 4.8 కిలోమీటర్ల దూరంలోని ఊరు 5.08 అవుతుంది. అయిదు కిలోమీటర్ల హద్దు పెట్టుకున్న పనిలో ఆ ఊరు జాబితాలోంచి ఎగిరిపోతుంది.

నేను చేసేది ఇది: అన్ని పొరలనూ రీప్రొజెక్ట్ చేసి 45వ జోనులోకి, అంటే ఆ లెక్కకున్న కోడు ఈపీఎస్‌జీ 32645లోకి, తెచ్చి పెడతాను. గుణుపురం జోను బయటకు కాస్త జారుతుంది, కానీ పది కిలోమీటర్లకు తేడా పది మీటర్లే. ఆసుపత్రికి నడిచేవారికి అది లెక్కలోది కాదు. రెండు జోన్లను కలగలిపితే మాత్రం ఎవరూ కాపాడలేరు.

అన్నీ సరిచేసినా రెండు వందల మీటర్ల తేడా మొండిగా మిగిలితే, పాత సర్వే పటం స్కాన్‌ను అనుమానించండి. అవి భూమి ఆకారానికి ఎవరెస్ట్ అనే పాత లెక్కలో గీసినవి, జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. అమీనుగా భూములు కొలిచే పని చేసిన మా నాన్న, గొలుసు ఏ రాయి దగ్గర మొదలుపెట్టారో చెప్పనిదే కొలత వినేవాడు కాదు. స్కాన్‌ను చేత్తో జరపకండి. ఆ పాత కొలతల ఆధారం కాలియాన్‌పూర్ డేటమ్ అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పి మార్చండి.

చివరగా రెండు రైల్వే స్టేషన్ల మధ్య గీత గీసి చూడండి. పర్లాకిమిడి నుంచి గుణుపురానికి సూటిగా 45 కిలోమీటర్లకు అటూ ఇటూ రావాలి. వచ్చాక ఫైలు పేరులోనే 32645 అని రాసి పంపండి; పీఆర్‌జే మరిచినా, తీసుకున్నవారు నాలా తడుముకోరు.